తెలుగులో జరిగే ఏఏ మీటింగ్ వెతికిపెట్టిన అందరికీ కృతజ్ఞతలు

మందు మానాలనుకుంటున్న మా దగ్గరి బంధువుకి హైదరాబాద్‌లో సరిపోయే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలిసే బృందం) మీటింగ్ చెప్పమని అడిగాం. అడిగినదానికంటే ఎక్కువే చెప్పారు. పేర్లు రాయడం లేదు. ఏఏలో ఉన్నవాళ్లు బయట తమ పేరు చెప్పుకోరు, మనం చెప్పడం అసలే తగదు. ఎవరి మాట ఎందుకు పనికొచ్చిందో మాత్రం రాస్తున్నాం. రేపు ఇదే వెతుక్కునే ఇంకో ఇంటికి ఉపయోగపడుతుంది.

మొదటి నమస్కారం, మీటింగ్ తర్వాత, ముందు డాక్టర్ అని గట్టిగా చెప్పిన నర్సుగారికి. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవ్వొచ్చు. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడుతున్నాయన్నా, తానెక్కడున్నాడో తనకే తెలియకపోయినా అది ప్రాణం మీదికి వచ్చిన స్థితి, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ‘నీరసంగా ఉన్నాడు, ఓ గ్లూకోజ్ సీసా ఎక్కించండి’ అనడం మన ఇళ్లలో మామూలే. తాగుడు సంగతి దాచిపెట్టి అలా ఎక్కిస్తే, ఒంట్లో బి1 విటమిన్ అడుగంటిన మనిషికి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ముందు బి1 ఇస్తారు. రోజుకెంత తాగుతాడో, ఆఖరుసారి ఎప్పుడు తాగాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే జనం ఏమనుకుంటారోనని భయపడేవాళ్లు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లినా సరే.

ఓపెన్ మీటింగ్‌కీ క్లోజ్డ్ మీటింగ్‌కీ తేడా చెప్పిన పెద్దాయనకు ప్రత్యేక కృతజ్ఞతలు. ఓపెన్‌కి ఇంట్లోవాళ్లు కూడా వెళ్లి కూర్చోవచ్చు. క్లోజ్డ్ తాగుడు మానాలనుకునేవాళ్లకే. ఇది తెలియక భార్య తోడు వెళ్లి గుమ్మంలో ఆగిపోతే, ఆయన ‘చూశావా, రానివ్వరు’ అని ఆ సాకుతోనే వెనక్కి వచ్చేస్తాడు. అందుకే మొదటిసారి ఓపెన్ మీటింగ్ మేలు.

బయల్దేరే రోజే ఫోన్ చేయమన్న తమ్ముడి సలహా చిన్నదే కానీ అన్నిటికంటే అక్కరకొచ్చింది. జాబితాల్లో పాత చిరునామాలు ఉండిపోతాయి, హాళ్లు మారుతుంటాయి. ఫోన్‌లో నాలుగు అడగాలి: ఈరోజు మీటింగ్ ఉందా, ఓపెనా క్లోజ్డా, తెలుగులో మాట్లాడతారా, గేటు దగ్గర ఎవరైనా కలుస్తారా. భాష సంగతి తప్పకుండా అడగండి. ఇంగ్లీషు మీటింగ్‌లో మన మనిషి గంటన్నర తలూపి వస్తాడు, రెండోసారి వెళ్లడు. పావుగంట ముందే చేరుకోవాలి, అయ్యాక టీ తాగే పది నిమిషాలు ఉండాలి. ఫోన్ నంబర్లు చేతులు మారేది అప్పుడే. మళ్లీ తాగాలనిపించిన రాత్రి అక్కరకొచ్చేవి ఆ నంబర్లే.

చర్చి హాల్లో మీటింగంటే మా ఇంట్లోనూ ‘మతం మారుస్తారా’ అన్నారు. హాలు అద్దెకు దొరికింది కాబట్టి అక్కడ పెడతారు, అంతే. మాటల్లో దేవుడి ప్రస్తావన వస్తుంది నిజమే, ఏ దేవుడన్నది ఎవరి ఇష్టం వాళ్లది. సభ్యుడు కావడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చాలు. ఫీజు లేదు. చివర్లో సంచి తిప్పుతారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. మాట్లాడమంటే ‘ఈరోజు వింటాను’ అంటే సరిపోతుంది. ఒకరు చెబుతుంటే మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు. ఏఏ పేరు చెప్పి నెలకింతని చేర్పించుకునే కేంద్రం ఏదైనా అది ఏఏది కాదు. ఏఏకి సొంత ఆసుపత్రులు, రిహాబ్‌లు ఉండవు.

ఒక మీటింగ్ నచ్చకపోతే ఏఏ పనికిరాదని తేల్చేయొద్దని ముగ్గురు నలుగురు చెప్పారు. మా అభిప్రాయమూ అదే. ఒకచోట అంతా రిటైరైనవాళ్లు, ఇంకోచోట కుర్రాళ్లు. ఒకచోట అనుభవాలు చెప్పుకుంటారు, ఇంకోచోట తాగుడు మానడానికి ఏఏ చెప్పే 12 మెట్లలో ఒకటి తీసుకుని చదువుతారు. కనీసం మూడు వేర్వేరు గ్రూపులు చూశాక నిర్ణయించుకోండి. దూరం కూడా చూసుకోవాలి: రెండు బస్సులు మారి వెళ్లాల్సిన మంచి మీటింగ్ కంటే నడిచి వెళ్లగలిగే మామూలు మీటింగ్ నయం. దారిలో వైన్ షాపు ఎన్ని చోట్ల తగులుతుందో కూడా చూసుకోమన్నారు ఒకరు. ఇంత లెక్క మాకైతే తట్టేది కాదు.

‘తాగేవాళ్లకి తెలియకుండా కూరలో కలిపే మందు’ కొనకుండా ఆపిన మెడికల్ షాపు అన్నకు ఎంత చెప్పినా తక్కువే. అలాంటి వాటిలో డైసల్ఫిరాం (తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) ఉంటే, దానిమీద తాగినవాళ్లకి బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. ఆ మాత్ర ప్రభావం ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఉంటుంది. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తూ ఇవ్వాల్సిన మందు అది.

ఇంట్లోవాళ్ల కోసం 1951 నుంచి నడుస్తున్న అల్-అనాన్ సంగతి చెప్పిన అక్కకూ, అమెరికాలో ఉన్న మావాళ్లకి దగ్గర్లోని ఏఏ మీటింగ్‌లు చూపే ‘మీటింగ్ గైడ్’ యాప్ చూపించినవారికీ నమస్కారాలు. మన దేశంలో మత్తు మానడానికి సాయం కావాలంటే ఫోన్ నంబర్ 14446, మనసు బాగోక మాట్లాడాలంటే టెలి మానస్ 14416, రెండూ ఉచితం.

జాబితా పంపినవాళ్లకు ఒక విన్నపం: మీ గ్రూపు హాలు గానీ సమయం గానీ మారితే మాకో మాట చెప్పండి, అడిగినవాళ్లకి కొత్తదే ఇస్తాం.