ఊరు మారితే బండికి రెండోసారి పన్నా? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వదిలి తిరుపతిలో కాపురం పెట్టిన కుటుంబాల తరఫున రాస్తున్న లేఖ ఇది. వేరే రాష్ట్రంలో కొన్న బండికి ఇక్కడ మళ్లీ పన్ను కట్టాల్సి రావడం మీద ఇంతకుముందే అర్జీలు ఇచ్చాం. సోమవారాలు వరుసలో నిలబడి ఇచ్చినవి ఉన్నాయి, పోస్టులో పంపినవి ఉన్నాయి. చేతిలో రసీదు నంబర్లు మిగిలాయి గానీ జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాయాల్సి వచ్చింది, మన్నించండి.

పెద్ద ఊళ్లో సొంత బండి లేకపోయినా రోజు గడుస్తుంది. తిరుపతిలో గడవదు. ఇక్కడ బస్సుల్లో ఎక్కువ భాగం కొండకు, స్టేషన్‌కు, యాత్రికులు దిగే చోట్లకు తిరుగుతాయి. పుణ్యక్షేత్రంలో అది న్యాయమే, దాని మీద మాకు ఫిర్యాదు లేదు. కానీ అవిలాలలో ఇల్లు తీసుకున్న మనిషి పొద్దున్నే బిడ్డను బాలాజీ కాలనీలో బడికి దింపి, రుయా ఆసుపత్రిలో పడుకున్న పెద్దాయనకు క్యారియర్ అందించి, రేణిగుంటలో పనికి చేరాలంటే స్కూటరే కాళ్లూ చేతులూ. ఊరు మారిన కుటుంబం మొదటి వారంలోనే ఈ సంగతి తెలుసుకుంటుంది. ఆ స్కూటరు మీద టీజీ అనో, కేఏ అనో, టీఎన్ అనో వేరే రాష్ట్రం నంబరు ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మిగతా కాగితాలు ఎలాగో ఒక దారికి వస్తాయి. ఓటుకు ఫారం 8 పెడితే సరిపోతుంది. గ్యాస్‌కు పాత ఊళ్లో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి టెర్మినేషన్ వోచరు తెచ్చుకుంటే ఇక్కడ కనెక్షన్ ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. బండి ఒక్కటే ఏ దారికీ రాదు.

చట్టం మీకు తెలిసిందే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. 49వ సెక్షన్ ప్రకారం చిరునామా మారిన 30 రోజుల్లోగా తెలియజేయాలి. ఈ రెండు గడువులను కలగాపులగం చేసి రోడ్డు మీద ఒకరు ముప్పై రోజులంటారు, ఇంకొకరు ఏడాదంటారు. సరే, ఏడాదే అనుకుందాం. ఆ ఏడాది ఏ రోజు నుంచి? బండి తిరుపతికి వచ్చిన తేదీ ఆర్‌సీ మీద ఉండదు. ఇంటి అగ్రిమెంటు చూపిద్దామంటే ఇక్కడ ఇళ్లవాళ్లు పదకొండు నెలలకే రాయిస్తారు. రిజిస్టర్ చేయించకుండా స్టాంపు కాగితం మీద సంతకాలతో ముగిస్తారు. ఆ కాగితాన్ని చిరునామా రుజువుగా ఒక కౌంటరులో తీసుకుంటారు, పక్క కౌంటరులో వద్దంటారు. ఆధార్‌లో చిరునామా మార్చుకుని రమ్మంటారు. ఆధార్ వాళ్లు రుజువు అడుగుతారు. మళ్లీ అదే పదకొండు నెలల కాగితం.

పైగా తిరుపతి మామూలు ఊరు కాదు. అటు చిత్తూరు దాటితే తమిళనాడు, కర్ణాటక. రోజూ వేల బండ్లు దర్శనానికి వచ్చి పోతుంటాయి. యాత్రికుడి కేఏ బండికీ, ఇక్కడ అద్దెకుంటున్నవాడి కేఏ బండికీ చూపులో తేడా ఉండదు. తనిఖీలో ఆపినప్పుడు వచ్చి ఎన్నాళ్లయిందో నిరూపించే భారం కాపురం ఉన్నవాడి మీద పడుతుంది. టోల్ రసీదులు, లారీలో సామాను తెచ్చిన బిల్లు, బడిలో చేర్చిన తేదీ, ఇలాంటివి పెట్టుకు తిరగాల్సి వస్తోంది. వీటిలో ఏది చెల్లుతుందో శాఖ ఒక్క కాగితం మీద రాసి ఇస్తే చాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాం.

ఇక ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం. పాత ఊళ్లోని ఆర్టీఓ ఆఫీసు నుంచి ఫారం 28లో తెచ్చుకోవాలి. దరఖాస్తు ప్రతులన్నిటి మీదా ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు, అంటే బండి చట్రం మీద చెక్కిన నంబరుపై కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసినది, అంటించాలి. నాలుగైదేళ్లు వానలో నానిన స్కూటరుకు ఆ నంబరు తుప్పులో కూరుకుపోయి ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మెత్తటి పెన్సిలుతో నాలుగైదు ప్రింట్లు ముందే తీసి పెట్టుకోవాలి. ఒక్క అంకె అలుక్కుపోయినా దరఖాస్తు తిరిగొస్తుంది. అప్పు నడుస్తుంటే బండి వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని బ్యాంకు వేరుగా రాసివ్వాలి. అప్పు తీరాక ఇచ్చే పత్రం వేరు, ఇది వేరు. ఈ తేడా తెలియక ఒకటి బదులు ఇంకొకటి తెచ్చి ఒక పూట పోగొట్టుకునేవాళ్లు ఎందరో. పాత ఊళ్లో చలానా ఒక్కటి మిగిలినా పని ఆగుతుంది.

అసలు దెబ్బ ఎన్‌ఓసీలో రాసే ఊరి పేరు దగ్గర తగులుతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరయింది. బయట రాష్ట్రంలో ఉన్నవాళ్లకు ఇప్పటికీ తిరుపతి అంటే చిత్తూరు జిల్లానే. చిత్తూరు పేరు మీద ఎన్‌ఓసీ రాయించుకుని వచ్చి, ఇక్కడ చెల్లదని తెలిశాక దాన్ని రద్దు చేయించాలంటే ముందు చిత్తూరులో ఈ ఎన్‌ఓసీ వాడలేదని కాగితం తీసుకోవాలి. అది పట్టుకుని మళ్లీ పాత ఊరికి పోవాలి. ఒక్క పదం తప్పుకు హైదరాబాద్ దాకా రాను పోను రెండు రాత్రుల ప్రయాణం, రెండు రోజుల కూలి. 48వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో కాదనకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే లెక్క. ఆ మాట చట్టంలో ఉంది గానీ కంప్యూటర్‌లో ఎన్‌ఓసీ కనబడందే ఇక్కడ ఫైలు కదలదు.

ఇవన్నీ ఓర్చుకుంటాం. ఓర్చుకోలేనిది లైఫ్ ట్యాక్స్.

బండి కొన్నప్పుడు పదిహేనేళ్లకు సరిపడా పన్ను ఒకేసారి కట్టాం. మూడేళ్లకు ఊరు మారితే పన్నెండేళ్ల పన్ను ముందే కట్టి ఉన్నట్టు కదా. అది పాత రాష్ట్రం ఖజానాలో ఉంటుంది. ఇక్కడ కొత్త నంబరు కావాలంటే బండి వయసును బట్టి, కొన్నప్పటి ధరను బట్టి మళ్లీ పన్ను కట్టాలి. ధర తెలియాలంటే కొన్నప్పటి ఇన్‌వాయిస్ కావాలి. ఇల్లు మారేటప్పుడు మొదట పోయేది ఆ కాగితమే. కొత్త నంబరుకు ఫీజు బైకుకు 300 రూపాయలు, కారుకు 600 రూపాయలు. దాని గురించి ఎవరూ బాధపడటం లేదు. పన్ను మాత్రం జీతగాడి నెల జీతం మింగుతుంది, కారయితే కొన్ని నెలల జీతం. అదీ ఎప్పుడు? ఇంటి అడ్వాన్సు, బడి ఫీజు, లారీ కిరాయి కట్టి చేతులు ఖాళీ అయినప్పుడు.

పాత రాష్ట్రం నుంచి వాపసు తెచ్చుకోవచ్చు కదా అంటారు. వస్తుంది, కాదనం. కానీ వరుస చూడండి. ముందు ఇక్కడ పన్ను మొత్తం కట్టాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూడాలి. కొత్త నంబరు పడాలి. కొత్త ఆర్‌సీ చేతికి రావాలి. ఆ ఆర్‌సీ, ఇక్కడ కట్టిన పన్ను రసీదు, పాత పన్ను రసీదు, ఎన్‌ఓసీ నకలు, బ్యాంకు వివరాలు పట్టుకుని అప్పుడు పాత ఊళ్లో దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ ఆర్‌సీ ఆలస్యమైతే అక్కడ వాపసు మొదలే కాదు. వాపసు మొత్తం కూడా బండి వయసు పెరిగే కొద్దీ తరుగుతుంది. అంటే మీ ఆఫీసులో ఫైలు ఆగిన ప్రతి నెలా ఆ కుటుంబం జేబు నుంచే పోతోంది. స్కూటరుకు వచ్చే వాపసు కోసం బెంగళూరుకు రెండుసార్లు తిరిగితే దారి ఖర్చులకే సగం పోతుందని చాలామంది వదిలేసుకుంటున్నారు. వదిలేసిన ఆ డబ్బు చట్ట ప్రకారం వాళ్లదే, మంత్రి గారూ.

బీహెచ్ సిరీస్ ఉంది కదా అని ప్రతిసారీ చెబుతున్నారు. 2021 సెప్టెంబరు 15 నుంచి అది వచ్చింది, మంచిదే. రెండేళ్లకోసారి పన్ను, ఊరు మారితే నంబరు మారదు. కానీ అది ఎవరికి? ప్రభుత్వ ఉద్యోగులకు, రక్షణ శాఖలో ఉన్నవాళ్లకు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు. టిఫిన్ సెంటరు పెట్టుకుందామని వచ్చినవాడికి లేదు. రిటైరై సొంత ఊరి పక్కన ఉందామని వచ్చిన ప్రైవేటు ఉద్యోగికి లేదు. కొర్లగుంటలో కుట్టు మిషన్ పెట్టుకున్న అమ్మకు లేదు. చిన్న ఊరికి మారేవాళ్లలో ఎక్కువ మంది వీళ్లే.

ఇంకో రకం బాధ పాత ఏపీ నంబర్లది. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్‌లో కొన్న బండికి ఏపీ 09 లాంటి నంబరు ఉంటుంది. పన్ను ఉమ్మడి రాష్ట్రానికే కట్టారు. బోర్డు మీద ఏపీ అనే ఉంది గనుక ఇక్కడ ఏమీ చేయనక్కర్లేదని నమ్మి చాలామంది ఊరుకున్నారు. రికార్డు తెలంగాణ కార్యాలయంలో ఉంటుంది గనుక చిరునామా మార్చాలన్నా, అమ్మాలన్నా అక్కడి ఎన్‌ఓసీ కావాలి. ఆ బండ్లకు పదిహేనేళ్లు నిండుతున్నాయి, రెన్యూవల్‌కు వెళ్లినప్పుడు ఈ సంగతి బయటపడుతోంది. వీటి విషయంలో ఏం చేయాలో స్పష్టంగా ఒక ఉత్తర్వు ఇవ్వండి.

నంబరు పడ్డాక కూడా పని అయిపోదు. స్నాప్ లాక్ వేసిన పాత ప్లేటు విరగ్గొడితే గాని ఊడదు, కొత్త హై సెక్యూరిటీ ప్లేట్లు వేయించాలి. బీమా పాలసీలో కొత్త నంబరు ఎక్కించకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. ఫాస్టాగ్ పాత నంబరుకు ముడిపడి ఉంటుంది గనుక మూసి కొత్తది తీసుకోవాలి. అలిపిరి దగ్గర కూడా ఇప్పుడు ఫాస్టాగ్ లేనిదే కారు కొండెక్కదు. ఈ మాట కొత్త ఆర్‌సీతో పాటు ఎవరూ చెప్పరు. ఒక చీటీ మీద అచ్చు వేసి ఇవ్వడానికి ఖర్చేముంది?

మేం అడిగేది పన్ను మాఫీ కాదు. మిగిలిన ఏళ్ల పన్నును పాత రాష్ట్రం నుంచి మీరే తెప్పించుకోండి. తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలతో మాట్లాడండి, ఖజానా నుంచి ఖజానాకు పంపుకోండి, తేడా ఉంటే మా దగ్గర తీసుకోండి. అది తేలేదాకా కనీసం వాయిదాల్లో కట్టనివ్వండి. కనీసం స్కూటర్లకైనా. పూర్తి పన్ను కట్టించుకున్న చోట ఆర్‌సీ ఇన్ని రోజుల్లో ఇస్తామని గడువు పెట్టండి, మా వాపసు దాని మీదే ఆధారపడి ఉంది. చిత్తూరు పేరుతో వచ్చిన ఎన్‌ఓసీని తిరుపతిలో, తిరుపతి పేరుతో వచ్చినదాన్ని చిత్తూరులో తీసుకోమని చెప్పండి. రెండూ మన రాష్ట్రంలోనివే, మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లు. బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం వారానికి ఒక పూట, ఒక బల్ల, అన్ని కాగితాలూ తెలిసిన ఒక ఉద్యోగిని కేటాయించండి. పెన్సిల్ ప్రింటు సరిగ్గా ఉందో లేదో అక్కడే చూసి చెబితే ఏజెంటు అవసరం ఉండదు. ఏ తేదీ నుంచి ఏడాది లెక్కో, దానికి ఏ రుజువు చాలో రాతపూర్వకంగా ఇవ్వండి. పదకొండు నెలల అగ్రిమెంటు చెల్లుతుందో లేదో కూడా అందులోనే రాయండి.

వీటిలో కొన్ని మీ ఒక్క సంతకంతో అయ్యేవి. కొన్నిటికి పక్క రాష్ట్రాలు ఒప్పుకోవాలని మాకూ తెలుసు. ముందు మీ చేతిలో ఉన్నవి చేయండి. ఈ బడి సెలవులకు మళ్లీ కొన్ని కుటుంబాలు ఈ ఊరికి మారి వస్తాయి. వాళ్లు రాకముందే ఆ ఉత్తర్వు తిరుపతి, చిత్తూరు ఆఫీసుల గోడ మీద తెలుగులో కనబడేలా చూడమని చేతులెత్తి వేడుకుంటున్నాం.

ఇట్లు,
తిరుపతికి మారివచ్చిన కుటుంబాల తరఫున