నీలకంఠం కనిపించిందిరా!

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, జవాబు రాయనందుకు క్షమించు. అందరం బాగున్నాం, పాపకి పళ్లు వస్తున్నాయి, అమ్మ మోకాలు కాస్త నయం. ఇక అసలు సంగతి.

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ ఊరి నుంచి వాచూకా కొండలకి వెళ్లాం. దిగిన ఇంటి వసారాలో చక్కెర నీళ్ల సీసా వేలాడుతోంది. కాఫీ తాగుతుంటే చెవి పక్కనే సన్నగా "సీప్, సీప్". తిరిగి చూస్తే హమ్మింగ్ బర్డ్! మూరెడు దూరం కూడా లేదు. గొంతు ముందు నల్లగానే కనిపించింది. అది తల తిప్పిందో లేదో, నీలం భగ్గుమంది! ఆ రంగు ఈకలో కలిసినది కాదట, వెలుగు పడే కోణాన్ని బట్టి మెరుస్తుందట. నల్లటి తోక చివర్లు తెల్లగా ఉన్నాయి. ఓ 8 గ్రాములుంటుందేమో, కానీ దాని దర్జా చూడాలి! పేరు బ్లూ థ్రోటెడ్ మౌంటెన్ జెమ్. నీలకంఠపు కొండరత్నం అనుకో.

ఇంతలో ఇంకోటి వచ్చింది, ఊదా నెత్తి, పచ్చ గొంతు. దాని పేరు రివోలీస్. వేరే గుంపు అనుకున్నానా, రాత్రి చదివితే అదీ ఈ కొండరత్నాల గుంపులోదే! ఇంటిపేరు వేరు, గోత్రం ఒకటే. ఒకప్పుడు హమ్మింగ్ బర్డ్స్ మొత్తాన్నీ రెండే గుంపులు చేసేవారు, హెర్మిట్లనే ఒక రకం, మిగతావి. 2014లో డీఎన్ఏ చూసి తొమ్మిది శాఖలు తేల్చారు. అందులో ఈ కొండరత్నాలది ఒకటి. రివోలీస్‌ని అప్పట్లో మాగ్నిఫిసెంట్ అనేవారు. 2017లో దాన్నీ రెండు చేసి, కోస్టారికా, పనామాల్లో ఉండే వాటిని తలమంకా అన్నారు. నాకైతే పాత పేరే బాగుంది, చూస్తే నువ్వూ అదే అంటావు.

ఇప్పుడు విను. మీ పెరట్లో మందారం మీద వాలే పిట్ట. ఏడో క్లాసులో నువ్వు హమ్మింగ్ బర్డ్ అన్నావు, నేను కాదన్నాను, పందెం రెండు జీళ్లు. అది తేనెపిట్టరా! పిచ్చుకల వైపు బంధువు. ఈ హమ్మింగ్ బర్డ్సేమో గుడి గోపురం చుట్టూ రివ్వున తిరిగే స్విఫ్టుల వైపు చుట్టాలు. అయినా రెండూ తేనె కోసమే ముక్కు సాగదీసుకున్నాయి, చూశావా! హమ్మింగ్ బర్డ్ అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేదు. జీళ్లు బాకీ. నాన్నగారు ఆ చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చునే... సరే, అది వద్దులే.

ఆడదానికి నీలం ఉండదు, గొంతు బూడిద రంగే. దాన్ని కూడా చూశాను, గూడు ఎక్కడో అని వెతికితే, వసారా కప్పు కిందే... పాప లేచింది, ఏడుస్తోంది. మిగతాది

నీ
రవి