అయిదేళ్లు నిండని పిల్లలకు మా దగ్గర పచ్చి చేప వడ్డించం

వైజాగ్ లాసన్స్ బే కాలనీలోని మా చిన్న జపనీస్ హోటల్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

ఇకనుంచి అయిదేళ్లు నిండని పిల్లలకు మా దగ్గర పచ్చి చేప పెట్టం. పచ్చి చేపని పుల్లటి అన్నంతో ఇచ్చే సుషీ, ఉత్త పచ్చి చేప ముక్కలైన సాషిమీ రెండూ ఇందులోకే వస్తాయి. స్మోక్డ్ సాల్మన్ కూడా అంతే. పేరులో పొగ ఉన్నా, మేం వాడే రకం వేడి తగలనిది కాబట్టి అది ఉడికినట్టు లెక్క కాదు. ఇదివరకు అడిగినవాళ్లకి నోటిమాటగా చెప్పేవాళ్లం. శని, ఆదివారాల్లో చంటిపిల్లలతో వచ్చే కుటుంబాలు పెరిగాయి. ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో మాట రాకూడదని ఇప్పుడు రాసి పెడుతున్నాం.

"చేప ఫ్రెష్‌గా ఉంటే భయమేంటండీ, హార్బర్ పక్కనే కదా మనం?" అని చాలామంది అడుగుతారు. నేనూ వైజాగ్‌లోనే పుట్టాను, ఆ ధీమా ఎక్కడిదో తెలుసు. మొప్ప ఎర్రగా ఉందా, కన్ను మెరుస్తోందా, వేలితో నొక్కితే కండ మళ్లీ లేస్తోందా అని చూడడం మనకి చిన్నప్పుడే వస్తుంది. పులుసుకి ఆ పరీక్ష చాలు. పచ్చిగా తినడానికి మాత్రం చాలదు. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉండొచ్చు. చేప తాజాగా ఉన్నా ఆ పురుగు అందులో బతికే ఉండొచ్చు. అది చావాలంటే చేపని మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచాలి. లేదా మైనస్ 35లో గట్టిగా గడ్డకట్టించి, అదే చలిలో 15 గంటలు ఉంచాలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన లెక్కలివి. పడవల్లో వేసే ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. చేప కుళ్లకుండా కాపాడుతుంది తప్ప పురుగుని చంపదు. ఇంట్లో ఫ్రిజ్ పై అర కూడా, తలుపు తీసి మూస్తూ ఉంటే, అంత చలిని రోజుల తరబడి నిలపదు. నిమ్మరసం, వెనిగర్, సుషీతో ఇచ్చే ఘాటైన పచ్చ ముద్ద వసాబీ, ఏవీ ఆ పురుగుని చంపవు. అందుకే హార్బర్‌లో కొన్న చేపని మేం పచ్చిగా వాడం. పచ్చిగా పెట్టేది గడ్డకట్టించి వచ్చిన సాల్మన్, ట్యూనా మాత్రమే. కొరమీనుతో సుషీ చేయమని ఒకరు అడిగారు. మంచినీటి చేపల పురుగులు వేరే, వాటితో వచ్చే జబ్బులు ఇంకా మొండివి. అది పెద్దవాళ్లకి కూడా చేయను.

అయితే మీది ఫ్రీజ్ చేసిన చేపే కదా, పిల్లలకి ఎందుకు వద్దు? న్యాయమైన ప్రశ్న. ఫ్రీజర్ పురుగుని చంపుతుంది కానీ బ్యాక్టీరియాని పూర్తిగా చంపదు. గడ్డకట్టినప్పుడు కొన్ని చచ్చినా, మిగిలినవి కరిగాక మళ్లీ పెరుగుతాయి. విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా వెచ్చటి సముద్రపు నీళ్లలో ఉంటుంది. దాన్ని మొదట గుర్తించింది జపాన్‌లోనే. 1950లో ఒసాకాలో చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. తర్వాత ప్రపంచమంతా పాకిన దాని కొత్త రకం 1996లో బయటపడింది కోల్‌కతాలో, అంటే మన బంగాళాఖాతం పక్కనే. అనుకూలమైన వేడి దొరికితే అది పది నిమిషాల్లో రెట్టింపవుతుంది. లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఇవి సాధారణంగా రెండు మూడు రోజుల విరేచనాలతో పోతాయి. చిన్నపిల్లల సంగతి వేరు. క్రిములని చంపే ఆమ్లం వాళ్ల కడుపులో తక్కువ. రోగనిరోధక శక్తి ఇంకా తయారవుతూ ఉంటుంది. పన్నెండు కిలోల ఒంట్లోంచి నీళ్లు పోవడం మొదలైతే గంటల్లో నీరసించిపోతారు. అందుకే ఎఫ్‌డీఏ అయిదేళ్ల లోపు పిల్లలని గర్భిణులు, వృద్ధుల సరసన పెట్టి పచ్చి చేప వద్దంటుంది. జపాన్‌లో మూడేళ్లు దాటాక మొదలుపెడతారు కదా అని ఒకావిడ అడిగారు. అక్కడ చాలా ఇళ్లలో అదే పద్ధతి, నిజమే. కానీ వైజాగ్ ఉక్కలో హోటల్ నడిపేవాడిగా నేను అయిదునే గీతగా తీసుకున్నాను. మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో పిల్లలకి బతికున్న చేపనే మింగిస్తారు కదా అని ఇంకొకరు అన్నారు. అది వాళ్ల వాళ్ల నమ్మకం. నా వంటింటికి దాన్ని కొలతగా పెట్టుకోలేను.

అయిదు నిండాక కూడా ఆరోగ్యంగా ఉన్న బిడ్డకే, సన్నగా కోసిన ఒకటి రెండు సాల్మన్ ముక్కలతో మొదలుపెడదాం. అంతకుముందు ఉడికిన చేప తిని ఎలర్జీ రాలేదని మీకు తెలిసి ఉండాలి. జ్వరంలో ఉన్న పిల్లలకి, స్టెరాయిడ్స్ లాంటి మందులు వాడుతున్న పిల్లలకి వద్దు. డాక్టర్‌ని అడగండి. పిల్లల కోసం పచ్చి చేప పార్సిల్ కట్టం. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజు అలాంటి తిండి బయట గంటకి మించి ఉండకూడదు. మనకి ఏడాదిలో చాలా నెలలు అలాంటి రోజులే.

దయచేసి దీన్ని చదివి పిల్లలకి చేపే మానేయకండి. ఆరు నెలలు నిండి ఘనాహారం మొదలయ్యాక, ముళ్లు తీసి మెత్తగా ఉడికించిన చేప పెట్టొచ్చు. మెదడు ఎదుగుదలకి చేప చాలా మంచిది. సొర లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం ఎక్కువ, పిల్లలకి వాటిని పక్కన పెట్టండి. నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు నయం. మా దగ్గర పిల్లల ప్లేటులో సాల్మన్‌ని లోపలి దాకా 63 డిగ్రీలు వచ్చేలా కాల్చి, వేళ్లతో నలిపి ముల్లు చూసి, వేడన్నంలో కలిపి ఇస్తాం. సుషీ రోల్ చుట్టే నోరీ ఆకు, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు, సాగుతుంది, చిన్న గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి ఆ వయసుకి రోల్ చుట్టం. సోయా సాస్ కూడా పోయం, ఉప్పు మరీ ఎక్కువ.

ఎక్కడైనా మీ బిడ్డ ఇప్పటికే ఒక ముక్క తినేసి ఉంటే టెన్షన్ పడకండి. ఎక్కువసార్లు ఏమీ కాదు. బలవంతంగా వాంతి చేయించొద్దు. కొన్ని రోజులు గమనించండి. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పట్టించండి. మలంలో రక్తం, తగ్గని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, గట్టి జ్వరం, మూత్రం తగ్గడం, బిడ్డ మత్తుగా ఉండడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పచ్చి చేప తిన్న సంగతి, తిన్న టైము ముందే చెప్పండి. మా దగ్గర తిన్నదైతే మాకూ ఫోన్ చేయండి. ఆ రోజు వాడిన చేప ఏ బాక్సులోంచి వచ్చిందో చూసి చెబుతాం, మిగిలినది వాడకుండా ఆపేస్తాం.