వచ్చేటప్పుడు రాయితీలు, పోయేటప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

2025 మే నెలలో చైనాలో విద్యుత్ కార్ల కంపెనీ బీవైడీ తన కార్ల ధరలను కొన్ని మోడళ్లపై 34 శాతం దాకా తగ్గించింది. ఆ పోటీ మన దగ్గరికీ వస్తే బాగుండునని మా ఇంట్లో పిల్లలు సంబరపడ్డారు. నాకు మాత్రం వాకిట్లో ఉన్న మా పాత కారు గుర్తుకొచ్చింది. దాన్ని తయారు చేసిన కంపెనీ (పేరెందుకులెండి) పోటీలో నిలవలేక దేశం వదిలి వెళ్లింది. నిరుడు వెనక లైటు పగిలితే రెండు నెలలు తిరిగాను. చివరికి ఆటోనగర్ మెకానిక్ మరో పాత బండిది విప్పి తెచ్చి బిగించాడు.

జనరల్ మోటార్స్ 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ ఉత్పత్తికి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడాది డాట్సన్ వంతు. సర్వీసు కొనసాగిస్తామనే చెప్పారు, కాదనను. కానీ ఊళ్లో షోరూమ్ మూతపడ్డాక ఆ మాట పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? ఫోర్డ్ వారి సాణంద్ కర్మాగారాన్ని టాటా కొన్నది, జనరల్ మోటార్స్ తళేగావ్ కర్మాగారాన్ని హ్యుందాయ్ తీసుకుంది. అప్పు తెచ్చి షోరూమ్ కట్టుకున్న డీలరును ఆదుకున్నదెవరు?

పెట్రోలు బండికైతే ఆటోనగర్ ఉంది. సాఫ్ట్‌వేర్ మీద నడిచే విద్యుత్ కారు మొరాయిస్తే అక్కడ ఎవరు విప్పి చూస్తారు? చైనాలోనే డబ్ల్యూఎం మోటార్ అనే విద్యుత్ కార్ల కంపెనీ 2023లో చితికిపోయినప్పుడు, కారు యాప్ పని చేయడం లేదని కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు.

పెనుకొండకు కియా రావడం వల్ల మన పిల్లలకు ఉద్యోగాలు దొరికాయి, సంతోషమే. తమిళనాడులోని తూత్తుకుడిలో వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ కార్ల కర్మాగారం 2025లో మొదలైంది. ఇంకా వస్తాయి, రానివ్వండి. అయితే భూమి, రాయితీలు ఇస్తూ రాసుకునే ఒప్పందంలోనే వెళ్లిపోయే రోజు సంగతీ రాయించుకోవాలి. చివరి కారు అమ్మిన నాటి నుంచి పదేళ్లపాటు విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ అందించాలి. అందుకు పూచీగా కొంత సొమ్ము ముందే ప్రభుత్వం దగ్గర ఉంచాలి. డీలర్లకు పరిహారం ఎంతో కూడా అందులోనే తేల్చాలి. కొన్న వస్తువును మనకు నచ్చిన చోట బాగు చేయించుకునే మరమ్మతు హక్కుపై కేంద్రం 2022లో వేసిన కమిటీ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. ఆ హక్కు చట్టమయ్యే రోజు వస్తే, దుకాణం కట్టేసి పోయిన కంపెనీకి కూడా అది వర్తించేలా రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ