పెళ్లి గుర్రానికి లడ్డూలు పెట్టకండి

సంపాదకుల వారికి,

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలైతే చాలు, తిరుపతి కల్యాణ మండపాల ముందు గుర్రాలు కనిపిస్తాయి. ఊరేగింపు ఆలస్యమైతే (కాక మానదు) గుర్రం డీజే పక్కనే గంటల తరబడి నిలబడాలి. ఈలోగా పిల్లలు లడ్డూలు, పెద్దలు పూరీలు, మిగిలిన అన్నం తెచ్చి దాని నోటికి అందిస్తారు. పెట్టేది ప్రేమతోనే. కానీ అది దాని ప్రాణం మీదికి తెస్తుందని, పశు సంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన వాడిగా చెప్పక తప్పడం లేదు.

గుర్రం ఆవులా నెమరు వేయదు. అంత ఒంటికి జీర్ణాశయం చాలా చిన్నది, పట్టేది 8 నుంచి 15 లీటర్లే. గడ్డిలోని పీచు అరిగేది చివర్లో, పెద్దపేగులో. అక్కడి సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. అన్నం, తీపి, గింజలు ఒక్కసారిగా ఎక్కువ పడితే చిన్నపేగులో పూర్తిగా అరక్కుండానే అక్కడికి చేరి పులిసిపోతాయి. ఆమ్లం పెరిగి మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి. కడుపు ఉబ్బి శూల వస్తుంది. గిట్టల లోపల వాపు వచ్చి అడుగు తీసి అడుగు వేయలేదు. మనకు పడనిది తింటే కక్కేస్తాం. గుర్రం కక్కలేదు, అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట కండరం అంత బిగుతుగా ఉంటుంది. గ్యాస్ ఎక్కువైతే జీర్ణాశయం పగిలి చనిపోవడమూ ఉంది.

అలాగని పస్తు పెట్టినా ముప్పే. తిన్నా తినకున్నా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గడ్డి నమిలేటప్పుడు ఊరే లాలాజలమే దానికి విరుగుడు. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి కావాలి, అదీ కొద్దికొద్దిగా రోజంతా. ఉలవలు పెడితే బలమని గడ్డి తగ్గించేవాళ్లున్నారు, అది తప్పు. నీళ్లు 20 నుంచి 40 లీటర్ల దాకా తాగుతుంది, మన ఎండలకు ఇంకా ఎక్కువే.

మండపానికి లక్షలు పోసే పెళ్లివారికి ఒక గడ్డిమోపు, రెండు బకెట్ల నీళ్లు బరువా? చాలినంత తిండి, నీళ్లు ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. యజమానుల మీద కేసులు పెట్టమని నేననను, వాళ్లలో చాలామందివి రెక్కాడితే గానీ డొక్కాడని బతుకులు. గుర్రం వచ్చే చోట నీడ, నీళ్లు ఉండాలని నగరపాలక సంస్థ మండపాలకు నిబంధన పెట్టాలి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది. ముహూర్తాలకు ముందే ఒకరోజు శిబిరం పెట్టి, గుర్రాల పళ్లు చూసి, మేత సంగతి యజమానులకు చెబితే బాగుంటుంది. చిత్తూరు గుర్రాల వాళ్లనూ పిలవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి