ఎడమ ముందు చక్రం సంగతి

సునాబెడా,
నవంబర్ 9

చి. అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "ప్యాడ్‌లు కొత్తవి వేశారు కదా నాన్నా, మరి ఎడమ చక్రం బ్రేకు ఇంకా ఎందుకు పట్టేస్తోంది?" అని అడిగావు. చెప్పడం మొదలుపెట్టాను గానీ ఇలాంటివి ఫోన్‌లో చెప్తే సగమే చెవికెక్కుతాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చదివాక బండి కాగితాలతో పాటే డాష్‌బోర్డు అరలో పెట్టుకో.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. మన మారుతి కారు రెండు వానాకాలాలు కదలకుండా షెడ్డులో నిలబడింది. కోరాపుట్ వానలు నీకు తెలియనివా? పెట్టెలో మడిచిపెట్టిన చీరలకే బూజు పడుతుంది, ఇక ఇనుము మాటేమిటి? ఇంజన్ స్టార్ట్ అయింది, బ్యాటరీ బాగుంది, టైర్లలో గాలి ఉంది అని చూసుకుని నీ చేతిలో తాళాలు పెట్టేశాను. జాకీ వేసి చక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ఇంజన్ ఫ్యాక్టరీలో అన్నేళ్లు ఫిట్టర్‌గా చేశాను, కొలిచి చూడకుండా ఒక్క ముక్కనీ బయటికి పంపలేదు. కన్నకూతుర్ని మాత్రం బ్రేకులు చూడకుండా సుంకి ఘాట్ దింపాను. నిన్ను సాలూరులో బస్సెక్కించి, బండిని చిన్న లారీ మీద ఇంటికి తెచ్చుకున్న రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

ఘాట్‌లో కాలిన వాసన రాగానే బండి పక్కకు ఆపావు చూడు, అది చాలా మంచి పని. సీసాలో నీళ్లు చక్రం మీద పోశానన్నావు, అది మాత్రం మళ్లీ చెయ్యకు. అంత కాగిన బ్రేక్ డిస్క్ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) మీద చన్నీళ్లు పడితే వంకర పోవచ్చు, పగలొచ్చు కూడా. నీడన ఆపి, దానంతటది చల్లారేదాకా వదిలెయ్యాలి. అరగంట పట్టినా సరే.

ఇప్పుడు అసలు సంగతి. మన బండికి వెనక డ్రమ్ములు, ముందు డిస్క్‌లు. డ్రమ్ములో బ్రేక్‌ని వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి. డిస్క్‌కి అలాంటివేమీ లేవు. డిస్క్‌ని రెండు వైపులా ప్యాడ్‌లతో నొక్కి పట్టేది క్యాలిపర్. క్యాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీల్ ఉంటుంది, కోసి చూస్తే చదరంగా కనిపించేది. నువ్వు పెడల్ తొక్కితే పిస్టన్ ముందుకు జరుగుతూ ఆ సీల్‌ని కాస్త వంచుతుంది. కాలు తీస్తే సీల్ మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్ డిస్క్‌ని వదిలేది ఆ వెంట్రుకవాసి వల్లనే. ఆ కాస్త కదలికకి ఎక్కడ అడ్డం తగిలినా బ్రేక్ పట్టుకునే ఉంటుంది. ప్యాడ్ రాసుకుంటుంది, వేడెక్కుతుంది, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. కానీ ఆ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. తేమ పట్టిన ఆయిల్‌కి లెక్క 140 డిగ్రీలే. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేల దాకా మెత్తగా దిగిపోతుంది. ఘాట్ మలుపులో అలా దిగితే ఏమవుతుందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

సాలూరులో ప్యాడ్‌లు మార్చిన అబ్బాయి మీద కోపం పెట్టుకోకు. అరిగినవి కనిపించాయి, మార్చాడు. ఎందుకు అరిగాయో చూడలేదు, అంతే. పాత ప్యాడ్‌లు అడిగి తెచ్చుకోమన్నది అందుకే. లోపలి ప్యాడ్ ఇనుము తేలేదాకా అరిగిపోయింది, అది కూడా ఒక పక్కకు వాలుగా. బయటి ప్యాడ్‌లో సగానికి పైగా మందం ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగానే క్యాలిపర్ జారాల్సిన చోట జారడం లేదని అర్థమైంది.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగం లేపి స్టాండుల మీద నిలబెట్టాను. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి చెయ్యి పెట్టడం మన ఇంట్లో లేదు, గుర్తుంచుకో. అమ్మని సీట్లో కూర్చోబెట్టి బ్రేక్ తొక్కి వదలమన్నాను. కుడి చక్రం వదిలింది. ఎడమది రెండు చేతులతో తిప్పినా కదల్లేదు.

ఇక్కడే తొందరపడి అన్నీ విప్పకూడదు. క్యాలిపర్ మీద బ్రేక్ ఆయిల్‌లో చిక్కిన గాలి తీసే నిపుల్ ఉంటుంది కదా, దాన్ని అర చుట్టు వదులు చేశాను. ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం వదులైంది. అంటే తొక్కిన ఒత్తిడి లోపలే చిక్కుకుని ఉందన్నమాట. కానీ పూర్తిగా వదల్లేదు, బరబరా రాసుకుంటూనే తిరిగింది. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఒక కారణం దొరకగానే ఆగిపోతారు. ఒత్తిడి పోయాక కూడా పట్టుకుంటోందంటే క్యాలిపర్‌లో కూడా తేడా ఉన్నట్టే.

ముందు ఒత్తిడి సంగతి చూశాను. నిపుల్ బిగించి అమ్మ చేత మళ్లీ తొక్కించాను, మళ్లీ పట్టేసింది. ఈసారి పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేశాను. ఆయిల్ నాలుగు చుక్కలు కారింది గానీ చక్రం వదల్లేదు. కాబట్టి మాస్టర్ సిలిండర్‌ది తప్పు కాదు, అడ్డం మధ్యలో ఉంది. మధ్యలో అనుమానించాల్సింది రబ్బరు గొట్టం, అంటే హోస్. పైకి నిగనిగలాడుతోంది, ఒక్క పగులు లేదు. విప్పి కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోయింది. కాలితో తొక్కిన బలానికి ఆయిల్ అటు వెళ్లిపోతుంది, తిరిగి రావడానికి ఆ బలం లేక అక్కడే ఉండిపోతుంది. ఆ ముక్క దాచి ఉంచాను, నువ్వు కళ్లారా చూడాలి. మాస్టర్ సిలిండర్ మీద అనుమానం రావాలంటే సాధారణంగా ఒక్క చక్రంతో ఆగదు. పెడల్‌కి కొద్దిపాటి ఆట కూడా లేకుండా బిగిస్తే ఆయిల్ వెనక్కి వచ్చే సన్నని రంధ్రం తెరుచుకోదు, అప్పుడు ఒక్క చక్రం పట్టి ఊరుకోదు.

ఇక క్యాలిపర్. క్యాలిపర్ జారడానికి ఆధారమైన కింది గైడ్ పిన్ తుప్పుతో బిగుసుకుపోయింది. దాని రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు దిగాయి. పిన్ బయటికి తియ్యడానికే గంట పట్టింది. పిస్టన్‌ని సైకిల్ పంపుతో గాలి కొట్టి బయటికి తెప్పించాను. ఎదురుగా చెక్కముక్క పెట్టాను, వేళ్లు మాత్రం దూరంగా ఉంచాలి. అది దూకిందంటే వేలు నలిగిపోతుంది. పిస్టన్ మీద పూత లేచిపోయి గుంటలు పడ్డాయి, ఎమరీ పేపర్‌తో రుద్దినా పోయేవి కావు. కొత్తది తెప్పించాను.

అసలు దొంగ సీల్ కూర్చునే గాడిలో దాక్కున్నాడు. ఆ గాడిలో సీల్ వెనక తుప్పు పేరుకుని సీల్‌ని పిస్టన్ మీదకి నొక్కిపెడుతోంది. ఇక అది వంగేదెక్కడ, పిస్టన్‌ని వెనక్కి లాగేదెక్కడ? కొత్త సీల్ తెచ్చి ఆ తుప్పు మీదే కూర్చోబెడితే నెలకే మళ్లీ మొదటికొస్తుంది. వెదురు పుల్ల చెక్కుకుని, స్పిరిట్‌లో ముంచి, గాడి మొత్తం గీకాను. పిన్నీసు వాడలేదు, గీత పడితే ఆయిల్ కారుతుంది. మధ్యాహ్నం భోజనానికి లేవమని అమ్మ మూడుసార్లు పిలిచింది. ఆ పని మధ్యలో వదిలి లేవబుద్ధి కాలేదు.

పెట్రోలు, కిరోసిను, ఇంజన్ ఆయిలు, మామూలు గ్రీజు ఈ రబ్బర్లకి విషం. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక మెకానిక్ కుర్రాడు తెలియక బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోశాడు. బ్రేకుల్లో ఉన్న ప్రతి రబ్బరూ ఉబ్బిపోయింది, అన్నీ మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆ మూత ఎవరినీ తియ్యనివ్వను. కడగడానికి స్పిరిట్, సీల్‌కి కొత్త బ్రేక్ ఆయిల్, పిన్‌లకి రబ్బరు గ్రీజు. సీల్ సరిగ్గా కూర్చుంటే పిస్టన్ బొటనవేళ్లతో నొక్కితే లోపలికి దిగిపోతుంది. సుత్తి అవసరమైందంటే అడ్డంగా వెళ్తోందని అర్థం. క్యాలిపర్‌ని హోస్ మీద వేలాడదీయకుండా తీగతో కట్టాను.

కొత్త హోస్ వేసి, పాత ఆయిల్ మొత్తం తీసేసి, దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి నాలుగింటికీ ఆయిల్‌లో చిక్కిన గాలి తీశాం. అంతా బిగించాక పెడల్ మొదటిసారి నేలకి దిగిపోతుంది, భయపడకు. గట్టిపడేదాకా తొక్కుతూనే ఉండాలి. ఆ తర్వాతే బండి కదపాలి. ఎడమ చక్రం ఇప్పుడు చేత్తో తోస్తే సన్నగా సర్రుమంటూ రెండు చుట్లు తిరుగుతోంది. ఆ చప్పుడు ఉండేదే.

నిన్న పొట్టంగి దాకా వెళ్లి వచ్చాను. దిగి రెండు చక్రాల దగ్గరా అరచేతి వెనక వైపు పెట్టి చూశాను, తాకకుండా. రెండూ ఒకే వెచ్చన. నువ్వు కూడా ఘాట్ మొదట్లో, మధ్యలో ఇలాగే చూసుకో. ఒకటి ఎక్కువ వేడిగా ఉన్నా, బండి ఒక పక్కకి లాగుతున్నా ఘాట్ దిగడం ఆపెయ్. దిగేటప్పుడు రెండో గేర్‌లో ఉంచు, బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకు. ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించు, బాగానే కనిపిస్తోందని వదిలెయ్యకు.

1994 బండి ఇది. 2009 నుంచి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయిస్తున్నాను. అమ్మేయమని మీ మావయ్య ఎన్నిసార్లో చెప్పాడు. నిన్ను పురిటి నుంచి ఇంటికి తెచ్చింది ఈ బండిలోనే, నాకు మనసు రాదు.

కుడి చక్రం ఇంకా విప్పలేదు. ఇప్పటికి బాగానే వదులుతోంది గానీ దాని హోస్ వయసు కూడా అదే, పిన్‌ల తొడుగులు గట్టిపడ్డాయి. సంక్రాంతికి నువ్వొచ్చాక విప్పుదాం. పానా నువ్వు పట్టు, నేను పక్కన కూర్చుంటాను. వైజాగ్‌లో కుడి హోస్, ఒక సీల్ కిట్ తీసుకో. హోస్ బోల్టుకి రాగి వాషర్లు రెండు అడుగు, కొత్తవే ఉండాలి. బ్రేక్ ఆయిల్ ఇంకా మూత తెరవని చిన్న సీసా చాలు. అమ్మ నీకు అరిసెలకి బెల్లం ఇప్పుడే తెప్పించి పెట్టింది.

ఇట్లు,
నాన్న