కాగితాలు నావి, టికెట్ నంబర్లు మీవి

కస్టమర్ సపోర్ట్ విభాగానికి,

విషయం: ఆరుసార్లు మీరే మూసేసిన నా ఫిర్యాదు గురించి, ఏడోసారి

అయ్యా, లేదా అమ్మా,

పేరు పెట్టి రాద్దామంటే, మాట్లాడినవాళ్లలో ఒక్కరు కూడా రెండోసారి దొరకలేదు. అందుకే కంపెనీ మొత్తానికి రాస్తున్నాను. స్పీడ్ పోస్టులో పంపుతున్నదీ అందుకే. మెయిల్ పెడితే "మీ మెయిల్ అందింది" అని మిషనే జవాబిస్తోంది. దాని మర్యాదకేం లోటు లేదు.

అమలాపురంలో మా నాన్నగారి కాలం నుంచీ మేం డాక్యుమెంట్ రైటర్లం. 1996 నవంబరు తుపానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి బీరువాలో కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇప్పటికీ కొన్ని నకళ్ల అంచులు బెల్లం రంగులో ఉంటాయి, విప్పితే పొరలు ఊడతాయి. అందుకే 2017లో మీ సేల్స్ కుర్రాడు వచ్చి అన్నీ స్కాన్ చేసి మీ ఆన్‌లైన్ సర్వీసులో దాచుకోవచ్చంటే ఒప్పుకున్నాను. ఒక్కటే అడిగాను: "బాబూ, రేపు మీతో పొసగకపోతే నా కాగితాలు నాకెలా వస్తాయి?" అనూ ఫాంట్లలో టైపు చేయించిన పాత వీలునామాలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఆ దెబ్బ తిన్నవాణ్ని కాబట్టి అడిగాను. "అంతా పీడీఎఫ్ సార్, ఒక్క క్లిక్కు" అన్నాడు. ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు చేతిలో పెట్టి పంపాను.

ఈ ఏడాది చందా పెంచేశారని మానేద్దామనుకుని ఆ ఒక్క క్లిక్కూ నొక్కాను. పీడీఎఫ్‌లే వచ్చాయి, కుర్రాడు అబద్ధమాడలేదు. 11,000 పైచిలుకు ఫైళ్లు. పేర్లు మాత్రం 000001, 000002. నేనూ మా అమ్మాయీ రాత్రిళ్లు కూర్చుని ఒక్కో కాగితానికి కొట్టిన సర్వే నంబరు, ఊరు, అమ్మినవారు, కొన్నవారు, లింకు డాక్యుమెంటు నంబరు, ఏదీ రాలేదు.

పోనీండి, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నా కోపమల్లా ఆ తర్వాతి నెలన్నర గురించి.

మొదటాయన బ్రౌజర్ హిస్టరీ చెరిపేయమన్నారు. చెరిపాను. రెండో ఆయన స్క్రీన్‌షాట్ అడిగారు. 000417 అని కనిపించేలా పంపితే "ఫైలు ఓపెన్ అవుతోంది కదా సార్" అని టికెట్ మూసేశారు. మూడో ఆవిడ పీడీఎఫ్ అంతర్జాతీయ ప్రమాణం అని పాఠం చెప్పారు. 2008 నుంచి ఐఎస్ఓ ప్రమాణమేనని నాకూ తెలుసమ్మా, తలుపులు బాగానే తెరుచుకుంటున్నాయి, ఇంటి నంబర్లే చెరిపేశారు అన్నాను. "మీ ఫీడ్‌బ్యాక్ నోట్ చేశాను సార్" అన్నారు. ఆ నోటు కూడా ఎక్కడో 000001 అన్న పేరుతోనే పడి ఉంటుంది. నాలుగోసారి 26 నిమిషాలు హోల్డ్‌లో పెట్టారు. మీ సంగీతం వింటూ ఒక క్రయ దస్తావేజు చిత్తు పూర్తి చేశాను. తీరా మనిషి పలికి, హిందీలో ఏదో అని, ఫోన్ పెట్టేశాడు. ఐదో ఆయన అసలు సంగతి చెప్పారు: అవన్నీ మెటాడేటా అట, పై ప్లాన్‌ వాళ్లకే ఇస్తారట. అంటే ఖాళీ చేసి పోతానన్నవాడు ముందు ఇంకో పెద్ద వాటా అద్దెకు తీసుకోవాలన్నమాట! ఆరో టికెట్‌కి మనిషే రాలేదు, దానంతటదే మూసుకుంది. ఎంత సంతృప్తి చెందారో 5 నక్షత్రాల్లో చెప్పమనే మెసేజ్ మాత్రం ప్రతిసారీ ఠంచనుగా వచ్చింది.

మొన్న శుక్రవారం ముమ్మిడివరం నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. వాళ్ల నాన్నగారి 1961 పంపకాల దస్తావేజు కావాలి. ఆన్‌లైన్లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగాలి, లేదంటే మాలాంటి వాళ్ల బీరువాలే గతి. ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. మీ దగ్గర నా చందా గడువు అయిపోయిందని లాగిన్ కట్టేశారు. దించుకున్న ఫైళ్లు ఒక్కోటీ తెరుస్తూ పోయాను. 43 తెరిచేసరికి "బస్సు టైమైంది బాబూ, మళ్లీ వస్తాలే" అని లేచారు. మా నాన్నగారు బతికుంటే ఆ కాగితం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవారు.

మీ గురించి ఇద్దరు రైటర్లకీ, ఒక ఆడిటర్ గారికీ చెప్పి చేర్పించింది నేనే. వాళ్లిప్పుడు నా వంక ఎలా చూస్తున్నారో మీకేం తెలుస్తుంది. ఏ ఫైలు ఏ సర్వే నంబరుదో చూపించే జాబితా ఒక్కటి ఎక్సెల్లో పంపితే నా పని అయిపోతుంది, మీవాళ్లకి అరగంట పట్టదు. 15 రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, మీ ఊరు రానక్కర్లేదు. ఇది నా పొట్టకూటి కోసం నేను సొంతంగా చేసుకునే పని కాబట్టి వ్యాపారం అని తప్పించుకోవడమూ కుదరదు. దావా కాగితం రాసిచ్చే మనుషుల కోసం నేను వెతుక్కోనక్కర్లేదని వేరే చెప్పాలా?

సోమవారం ఆ పెద్దావిడ మళ్లీ వస్తానన్నారు. మీ కస్టమర్ కేర్ నంబరు ఇచ్చి పంపమంటారా?

ఇట్లు,
మీ 2017 నాటి చందాదారు,
డాక్యుమెంట్ రైటర్, అమలాపురం